మూరెడు బాకీ

సాంచాల మధ్య నలభై ఏళ్ళు నిలబడ్డవాడికి చెవులు సగమే మిగులుతాయి. అందుకని ఈ రాతలో ఎవరైనా ఏదైనా అన్నారని నేను రాసిన చోటల్లా, గట్టిగా అరిచి అన్నారని అనుకోండి. కరెంటు మగ్గాన్ని సూరత్‌లో సాంచా అంటారు, మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. యాభై సాంచాలు ఒక్కసారి ఆడే ఖాతాలో మంచీ చెడూ అన్నీ అరిచే చెప్పుకోవాలి. ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు పోదు. నేను మెల్లగా మాట్లాడుతున్నాననుకుంటాను, పక్కింటివాళ్ళు కిటికీ మూసుకుంటారు.

మొన్న ఇద్దరు కుర్రవాళ్ళు ఇంటికి వచ్చారు. ఇద్దరూ మా సిరిసిల్ల వైపు వాళ్ళే, ఇక్కడే ఖటోదరాలో కొత్తగా మాస్టర్లయ్యారు. "కాకా, జర పని సంగతి చెప్పు. ఏ పానా యాడ పెట్టాలె, ఏ నట్టు ఎంత బిగియ్యాలె, గది" అన్నారు. పానా సంగతి సాంచా అమ్మినవాడే మీకు చెప్తాడు, నాయనా. వాడు చెప్పని సంగతి ఒకటుంది. అది నోటితో చెప్తే చాయ్ తాగి మరిచిపోతారని కాగితం మీద పెడుతున్నాను.

మాస్టర్ చేసే పని

సాంచా ఆగితే పానా పట్టుకుని పరుగెత్తేవాడే మాస్టర్ అని అందరూ అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకునే మాస్టర్నయ్యాను. ఆర్నెల్లకు తెలిసింది, పరుగెత్తే మాస్టర్ కంటే పరుగెత్తాల్సిన అవసరం రానివ్వని మాస్టర్ గొప్పవాడని.

పడుగు దారాలన్నీ చుట్టిన పెద్ద ఇనుప కండె ఉంటుంది, దాన్ని బీము అంటారు. సాంచా వెనక బీము తిరుగుతూ ఉంటే ముందు బట్ట తయారవుతూ ఉంటుంది. మా ఖాతాలో యాభై రెండు సాంచాలు. యాభై రెండు బీములూ ఒకే రోజు అయిపోవు, ఒక్కొక్కటి ఒక్కొక్క రోజు అయిపోతుంది. అయిపోయే రోజుకు కొత్త బీము చుట్టి సిద్ధంగా ఉండాలి. పాత దారాలకు కొత్త దారాలు అతికేవాళ్ళు ఆ పూటకు ఖాళీగా ఉండాలి. ఆ అతికే పనిని మేం వైపని అంటాం. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా సాంచా ఆగుతుంది. ఆగిన సాంచా ముందు కారీగర్, అంటే నేసేవాడు, చేతులు కట్టుకుని కూర్చుంటాడు. అతనిది మీటరు కూలి. అతను నేయని పూట అతని ఇంట్లో పొయ్యి మీద ఏముంటుందో మాస్టర్ ఆలోచించాలి.

అందుకే పొద్దున్నే నా మొదటి పని ఖాతా అంతా తిరిగి ప్రతి బీము మీద బొటనవేలు నొక్కి చూడటం. ఎంత దారం మిగిలిందో వేలికి తెలిసిపోతుంది. "పదకొండో నంబరు బుధవారం, ఇరవై మూడు శుక్రవారం" అని గొణుక్కుంటూ తిరిగేవాణ్ణి. కారీగర్లు వెనకనుంచి "మాస్టర్ సాబ్ మంత్రాలు సదువుతుండు" అని నవ్వేవాళ్ళు. నవ్వనీ. బుధవారం పదకొండో నంబరు ఆగేది కాదు.

నేను తీర్చిన బాకీ

ఈ విద్య నాకు పుట్టుకతో రాలేదు. సూరత్‌కు వచ్చినప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. కారీగర్‌గా చేరాను. గుజరాతీ ఒక్క ముక్క రాదు, హిందీ అంటే సినిమాల్లో విన్న హిందీయే. మాది నేతపని ఇల్లు కాబట్టి చేతులకు పని తెలుసు. చేతులకు తెలిస్తే చాలనుకునే వయసు.

మొదటి నెలలోనే నా సాంచా బీము చివరికి వచ్చింది. వైపని చేసే ఆడమనిషి ఒకామె అటుగా పోతూ బీము వంక చూసి "ఏక్ హాథ్ బాకీ ఛే, భాయ్!" అని అరిచి వెళ్ళింది. ఆమె పేరు హంసాబెన్. వయసులో నాకంటే ఒకటి రెండేళ్ళు పెద్ద. కతర్‌గామ్ నుంచి రోజూ బస్సులో వచ్చేది, భర్త అక్కడే హీరాలు, అంటే వజ్రాలు, సానపట్టే పనిలో ఉండేవాడు.

ఆమె మాటల్లో నాకు అర్థమైంది ఒక్కటే, బాకీ. మన తెలుగులో బాకీ అంటే అప్పు. హాథ్ అంటే చెయ్యి, అంటే మూర. మూరెడు బట్ట బాకీ ఉన్నావు, నేసెయ్యి అంటోందనుకున్నాను. మా నాయన ఊళ్ళోంచి నన్ను పంపేటప్పుడు ఒకే మాట చెప్పాడు, "ఎవ్వనికీ బాకీ ఉండకు బిడ్డా" అని. ఇంకేముంది, పంతం పట్టి చివరి పోగు దాకా నేసేశాను. బీము గుండులా బోడిగా మిగిలింది. బాకీ తీర్చేశానని మీసం దువ్వుకున్నాను.

గుజరాతీలో బాకీ అంటే మిగిలింది అని కూడా అర్థం. ఒక మూరే మిగిలింది, ఇక ఆపు, అని ఆమె చెప్పింది.

ఎందుకు ఆపాలో చెప్తాను. పడుగులో రెండు వేల చిల్లర దారాలుంటాయి. ప్రతి దారమూ ముందు ఒక తీగ కన్నంలోంచి, తర్వాత దువ్వెనలాంటి అచ్చు పళ్ళ మధ్యనుంచి దూరి వస్తుంది. పాత బీములో మూరెడు పడుగు వదిలితే ఆ కొసలకు కొత్త బీము దారాలు అతికి లాగేస్తారు. కన్నాల్లోంచి, పళ్ళల్లోంచి అన్నీ వాటంతట అవే దూరి వచ్చేస్తాయి. పూటలో పని అయిపోతుంది. ఆ మూర కూడా నేసేస్తే అతకడానికి కొసలే ఉండవు. రెండు వేల దారాలూ ఒక్కొక్కటీ కొత్తగా ఎక్కించాలి.

అప్పటి మాస్టర్ పోచయ్య. కరీంనగర్ మనిషి, ముక్కు మీదే కోపం. వచ్చి చూశాడు. బోడి బీమును చూశాడు, నా మీసాలను చూశాడు.

"ఎవడు నెయ్యుమన్నడ్రా?"

"బాకీ ఉన్నదన్నది, నేసిన."

పోచయ్య మాస్టర్ నవ్వాలో కొట్టాలో తెలియక కాసేపు తల పట్టుకున్నాడు. తర్వాత అన్నాడు. "అరె పిచ్చోడా, ఆ మూర నీది గాదురా. వచ్చే బీముది. నీ సేతిల ఉన్నంత మాత్రాన నీదయితదా?"

శిక్షగా నన్నే కూర్చోబెట్టాడు. సాంచా వెనక హంసాబెన్ కూర్చుని ఒక్కొక్క దారం అందిస్తే, ముందునుంచి నేను కొక్కెంతో కన్నంలోంచి లాగాలి. రెండు రోజులు ఎదురెదురుగా కూర్చున్నాం, మధ్యలో దారాలు. ఆమె తప్పేమీ లేదు, అయినా ఆమె రెండు రోజులు పోయాయి. ఒక్క మాట అనలేదు. నా కళ్ళు మసకలు కమ్మినప్పుడల్లా వేలితో కన్నం చూపించేది. రెండో రోజు సాయంత్రం చివరి దారం ఎక్కాక, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొంచెం జాగా చూపించి "బాకీ" అంది, ఆ జాగాను పిడికిట్లో మూసి పక్కన పెట్టినట్టు చేసి చూపించింది. నేను జీవితంలో నేర్చుకున్న మొదటి గుజరాతీ మాట అది. దానికి నేను ఆమెకు కృతజ్ఞుణ్ణి. ఇంకా పెద్ద కారణం తర్వాత వచ్చింది.

ఎక్కువైనా ముప్పే

పోచయ్య మాస్టర్ ఊరికి వెళ్ళిపోయాక నన్ను మాస్టర్ని చేశారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నాకు ముందుచూపు పిచ్చి పట్టింది. ఒక రకం చీర బాగా ఆడుతోందని, దానికి కావలసిన పన్నెండు బీములు నెలల ముందే గంజి పెట్టించి, చుట్టించి వరసగా నిలబెట్టాను. వచ్చినవాళ్ళందరికీ చూపించాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. చీర ఆడటం ఆగిపోయింది. బీములు వానాకాలమంతా మూలన నిలబడ్డాయి. తడికి గంజి మెత్తబడి దారాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి.

మా శేఠ్ కాంతిభాయ్ పెద్ద చదువు చదివినవాడు కాడు. ముఖం మాడ్చుకుని నిలబడ్డ నన్ను చూసి "మాస్టర్, ఇది ప్లానింగ్ కాదు, లాలచ్, దురాశ. రేపటిది ఇవాళే తినేద్దామనుకున్నావు" అన్నాడు. నా పగార్‌లో పైసా కోయలేదు. అంటుకున్న దారాలు విడదీసి కొన్ని చిన్న బీములు చేసుకోమని పంపేశాడు. అందరు శేఠ్‌లూ అట్లా ఉండరు. కొందరు అయినదానికీ కానిదానికీ కోస్తారు, వాళ్ళ సంగతి ఇక్కడ రాసి కాగితం పాడుచేసుకోను. ఈయన దగ్గర పనిచేయడం నా అదృష్టం.

రేపు ఏం వస్తుందో మనకు తెలియదు. ఏదో ఒక బీము వస్తుందని మాత్రం తెలుసు. దాన్ని అతకడానికి కొసలు వదిలిపెట్టుకోవాలి. అంతకు మించి రేపటి మీద పెత్తనం చేయబోతే దారాలు అంటుకుపోతాయి.

కాంతిభాయ్ కొడుకు పరేశ్ వచ్చాక ఇంకో ముచ్చట జరిగింది. ఆ పిల్లవాడు కంప్యూటర్ తెచ్చాడు. ఏ బీము ఏ రోజు ఎన్ని గంటలకు అయిపోతుందో కాగితం మీద అచ్చుపోసి గోడకు అంటించాడు. "మాస్టర్, ఇక మీ బొటనవేలికి రిటైర్‌మెంట్" అన్నాడు. కాగితం తప్పు చెప్పలేదు, నిజం చెప్పాలి. నా వేలి లెక్కా దాని లెక్కా పూట తేడాతో కలిశాయి. కానీ ఆ మాఘమాసంలో ఒక సోమవారం పొద్దున్నే వచ్చి చూస్తే ఖాతాలో సగం సాంచాల ముందు మనుషులు లేరు.

"కారీగర్లు కహాఁ గయే?" అని పరేశ్ నెత్తి బాదుకున్నాడు.

"మేడారం జాతర, పరేశ్‌భాయ్. సమ్మక్క పిలిస్తే ఎవడూ ఆగడు. మీ కంప్యూటర్‌కు చెప్పలేదా?"

నేను మాత్రం ఆ వారంలో అయిపోయే బీములు తక్కువ ఉండేట్టు నెల ముందునుంచే మార్చుకుంటూ వచ్చాను. జాతరకు పోనివాళ్ళతో మిగతా సాంచాలు నడిచాయి. పరేశ్ ఆ తర్వాత కాగితం పక్కన ఒక తెలుగు క్యాలెండర్ కూడా తగిలించాడు. దాన్ని ఎవరు చదివి చెప్పాలి? నేనే. ఆ విధంగా నా ఉద్యోగం నిలబడింది.

నేర్చుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. బీముకు బుద్ధి లేదు, ఎప్పుడు అయిపోవాలో అప్పుడే అయిపోతుంది. మనిషికి అక్క పెళ్ళి ఉంటుంది, నాట్లు ఉంటాయి, జ్వరం ఉంటుంది, అలక ఉంటుంది. లెక్కలో మనిషిని వేసుకోని లెక్క పరీక్షలో రాసుకోవడానికి పనికొస్తుంది.

ఇంట్లో ఉన్న బీము

ఇంతవరకూ చదివి ఈ ముసలాయన ఎంత ముందుచూపున్నవాడో అనుకుంటారేమో. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అనలేదు. ఇది రాయడానికే ఈ కాగితం మొదలుపెట్టాను.

మా అమ్మాయి స్వరూప ఒక్కతే సంతానం. ఖాతా వెనక సందులోనే మా అద్దె గది. నడిచిపోయే దూరంలో తెలుగు బడి ఉండేది, అందులో వేశాం. మన భాషలో చదువుకుంటుందని నాకు మహా గర్వం. పద్యాలు చదివి వినిపించేది.

పిల్ల ఐదులో ఉండగా నా భార్య భాగ్య ఒకరోజు అడిగింది. "ఆ బడి ఏడు దాకనే ఉన్నదట. ఎనిమిదికి ఏడికి పంపుదాం?"

"సూద్దాం తియ్" అన్నాను. ఇంకా రెండేళ్ళుంది కదా.

ఆరులో ఉండగా పతంగుల పండుగనాడు మళ్ళీ అడిగింది. మిద్దె మీద నా గాలిపటం తెగేట్టుంది. "సూద్దాం తియ్" అన్నాను. ఏడులో దసరాకు మళ్ళీ అడిగింది. సాంచాల పూజకు కొబ్బరికాయలు లెక్కపెడుతున్నాను. ఏమన్నానో మీరే ఊహించుకోండి.

మేడారం జాతరకు నెల ముందే సర్దుకున్నవాణ్ణి. యాభై రెండు బీములు ఏ రోజు అయిపోతాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఇంట్లో ఉన్న ఒక్క బీము ఏ రోజు అయిపోతుందో చూసుకోలేదు.

ఏడో తరగతి ఫలితం వచ్చింది. పిల్ల మంచి మార్కులతో పాసైంది. బడి మాస్టారు సర్టిఫికెట్ చేతిలో పెట్టి "దగ్గర్లో ఎనిమిదికి గుజరాతీ హైస్కూలే ఉంది. అమ్మాయికి గుజరాతీ చదవడం వస్తే తీసుకుంటారు" అన్నారు. ఇంట్లో గుజరాతీ అక్షరం ఎవరికీ రాదు. నాకు అంకెలు మాత్రం వచ్చు, బీముల మీద సుద్దతో రాస్తారు కాబట్టి. స్వరూప గుజరాతీ మాట్లాడుతుంది, ఈ ఊళ్ళో పుట్టిన పిల్ల కదా. చదవడం వేరు.

మా సందులో ఆ ఈడు ఆడపిల్లలు ముగ్గురు అప్పటికే బడి మానేసి, గడపల్లో కూర్చుని చీరల మీద మెరుపు టిక్కీలు అతికిస్తున్నారు. తెలివిలేని పిల్లలు కారు. వాళ్ళ బడి అయిపోయింది, అతకడానికి కొసలు లేవు. ఇప్పుడు నా బిడ్డ నాలుగోది కాబోతోంది. ఇరవై ఏళ్ళప్పుడు నేను మూరెడు పడుగు నేసేసి రెండు రోజులు పోగొట్టాను. ఈసారి నా బిడ్డ చదువు మొత్తం పోగొడుతున్నానని తెలిసి, ఆ మధ్యాహ్నం సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని ఖాతా గోడకానుకుని ఏడ్చాను. సాంచాల చప్పుడులో ఎవరికీ వినపడలేదు. ఆ చప్పుడు నాకు చేసిన ఉపకారం అదొక్కటే.

భాగ్యకు చెప్తే తిడుతుందనుకున్నాను. "రేపు ఆ హైస్కూల్‌కు తీస్కపో. సూద్దాం తియ్" అంది. నా మాట నాకే అప్పజెప్పి ఎగతాళి చేస్తోందనుకుని తల దించుకున్నాను.

మర్నాడు పోయాం. పెద్ద మేడం దగ్గర కూర్చోబెట్టారు. ఆవిడ నా ముందు ఒక ఫారం పెట్టింది. అది తలకిందులుగా ఉందో సరిగ్గా ఉందో కూడా నాకు తెలియలేదు. ఆవిడకు అర్థమై, ఫారం తీసేసి, ఆరో తరగతి గుజరాతీ పుస్తకం తెరిచి స్వరూప ముందు పెట్టింది.

"తు వాంచ్, బేటా." నువ్వు చదువమ్మా అని.

నేను కళ్ళు మూసుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి వచ్చిన తండ్రిని, ఇంకేం చూడను?

పిల్ల చదివింది.

మెల్లగా, ఒత్తులు వచ్చిన చోట ఆగుతూ, వేలు ఒక్కొక్క మాట కింద పెట్టుకుంటూ చదివింది. రెండు దారాలు అంటుకున్నప్పుడు వైపని చేసేవాళ్ళు గోటి కొసతో ఎట్లా విడదీస్తారో అట్లా పట్టుకుంది మాటలను. పేజీ చివరిదాకా చదివి తలెత్తింది.

మేడం అంది, "కాచు ఛే, పణ్ చాల్శే." పచ్చిగా ఉంది గానీ నడుస్తుంది. ఆ మూడు నాలుగు మాటల కంటే తీపి మాటలు నేను గుజరాతీలో ఇంతవరకూ వినలేదు.

బయటికి వచ్చాక అడిగాను. "ఎవరు నేర్పిండ్రు బిడ్డా?"

"హంసాబెన్, బాపు. నీ బీముల మీదనే నేర్పింది."

బీము మీద సుద్దరాతలు

ఇక్కడ మీకు మా ఇంటి టిఫిన్ డబ్బా సంగతి చెప్పాలి. అందరు కారీగర్లూ పొద్దున్నే డబ్బా కట్టించుకుని వచ్చేవాళ్ళు. నాకు మాత్రం మధ్యాహ్నం స్వరూప తెచ్చేది. ఆమె బడి పొద్దుటిపూట, పన్నెండింటికి వదిలేవాళ్ళు. ఇంటికి పోయి డబ్బా తీసుకుని ఖాతాకు వచ్చేది. నేను తిని, బీముల వెనక గోనెపట్ట మీద కాసేపు నడుం వాల్చేవాణ్ణి. రెండేళ్ళపాటు భాగ్య మీద సణిగాను. "పొద్దున్నే కట్టియ్యరాదా? పిల్లను ఎండల తిప్పుతవెందుకు?" అని. ఆమె ఏదో ఒకటి చెప్పేది. పప్పు ఉడకలేదనేది, పొయ్యి మండలేదనేది. రెండేళ్ళు ఉడకని పప్పు ఏమిటో నేను ఆలోచించలేదు.

నేను నడుం వాల్చిన ఆ గంటలో హంసాబెన్ ఎదురుగా స్వరూప కూర్చునేది. బీము పక్కన చక్రంలాంటి ఇనుప పళ్ళెం ఉంటుంది కదా, దాని మీద సుద్దతో సాంచా నంబరూ తేదీ రాస్తారు. హంసాబెన్ వాటి కిందే అక్షరాలు రాసి పెట్టేది. వేళ్ళకు బూడిద అద్దుకుని దారాలు మెలిపెడుతూనే చదివించేది. లేచి వచ్చి నేను ఆ రాతలు రోజూ చూశాను. ఏదో బీము గుర్తనుకున్నాను. ఒకసారి అడిగాను కూడా, ఇదేంటని. "దారం రకం గుర్తు, మాస్టర్" అంది. అది 'క' అక్షరమట.

హైస్కూల్ నుంచి తిన్నగా ఖాతాకే పోయాను. హంసాబెన్ ముప్పయ్యో నంబరు దగ్గర కూర్చుని ఉంది. అప్పటికి ఆమె మా వాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగులోనే మాట్లాడేది, మధ్యమధ్య తన మాటలు కలిపి.

"తీస్కున్నరా?" అంది నన్ను చూడగానే.

"తీస్కున్నరు" అన్నాను. "నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వేమంటవ్? సూద్దాం అంటవ్." వేళ్ళు ఆపకుండానే అంది. "రోజూ ఖాతా అంతా లొల్లి చేస్తవ్ కదా మాస్టర్, ఏక్ హాథ్ ఛోడో, ఏక్ హాథ్ ఛోడో. నేను ఛోడిన. గంతే." మూర వదలండని నేను కారీగర్లకు రోజూ అరిచే మాటే అది.

ఆమె కాళ్ళు మొక్కబోతే "అరె అరె, దారాలు తెగుతయ్" అని అరిచింది.

ఇంటికి పోయి భాగ్యను నిలదీశాను. నిలదీయడానికి నాకు ఏం హక్కుందో గానీ, నిలదీశాను. పిల్ల ఐదులో ఉండగా నా మొదటి "సూద్దాం" విన్నాక, ఆ ఏటి సాంచాల పూజకు వచ్చినప్పుడు హంసాబెన్‌ను పిల్లకు చదవడం నేర్పమని ఆమే అడిగిందట. శనివారం శనివారం డబ్బాలో ఒక గిన్నె సర్వపిండి ఎక్కువ వచ్చేది. అది నాకోసం కాదన్నమాట.

"మరి నిన్న ఆ కాయిదం సంగతి నేను చెప్తుంటె అప్పుడన్న చెప్పొద్దా?"

"చెప్తే మల్ల నిమ్మలంగ పండుకుంటవు" అంది భాగ్య. "నువ్వు సూద్దాం అన్నవు. నేను సూసిన."

భాగ్యకు సంతకం చేయడం రాదు, వేలిముద్రే. మా ఇంట్లో అసలు మాస్టర్ ఎవరో ఆ రోజు తేలిపోయింది. ఆ తర్వాత ఎవరైనా నా ముందుచూపును మెచ్చుకుంటే ఒప్పుకోవడం మానేశాను.

స్వరూప ఎనిమిది చదువుతుంటే నేను ఒకటి చదివాను. సాయంత్రాలు ఆమె నాకు గుజరాతీ అక్షరాలు దిద్దించేది. మొద్దు చేతులు, 'క' రాస్తే కొడవలి అయ్యేది. ఏడాదికి బస్సుల మీద పేర్లు చదవడం వచ్చింది.

సవతి వచ్చిన ఏడు

కొన్నేళ్ళకు పరేశ్ నన్ను పిలిచి, "మాస్టర్, ఒక బీము అతకడానికి ఎంతసేపు పడుతుంది?" అని అడిగి రాసుకున్నాడు. శేఠ్‌లు ఒక పనికి పట్టే సమయం అడిగారంటే దానికి యంత్రం వస్తోందని అర్థం. ఇది కూడా రాసి పెట్టుకోండి. ఈసారి నేను "సూద్దాం" అనలేదు. అతికే యంత్రం అప్పటికే ఉన్న ఇంకో ఖాతాకు సెలవునాడు హంసాబెన్‌ను తీసుకుపోయాను.

ఆ యంత్రం దారాలకు టకటకా ముడులు వేసుకుంటూ పోతుంటే ఆమె మొహం మాడిపోయింది. "ఇది నా సవతి, మాస్టర్. సవతికి నీళ్ళు పొయ్యిమంటవా?"

"నువ్వు నడిపితే కోడలయితది. నేర్చుకో."

యంత్రం ముడి వేస్తుంది గానీ, దానికి దారాలు సమంగా దువ్వి, చిక్కు తీసి, వరస తప్పకుండా పట్టి ఇవ్వాలి. అది తెలిసిన వేళ్ళు ఆమెవి. నాలుగు నెలలు ప్రతి సెలవుకూ వెళ్ళి నేర్చుకుంది. యంత్రం మా ఖాతాకు వచ్చినప్పుడు నడిపే మనిషిని వెతకాల్సిన పని పరేశ్‌కు పడలేదు.

ఇది నా ఘనతగా రాయడం లేదు. మా ఖాతాలో వైపని చేసేవాళ్ళు ఆరుగురు. హంసాబెన్ కాక ఇంకొకామెకు మాత్రమే నేను దారి చూపగలిగాను. మిగతా నలుగురికి ముందే ఎందుకు చెప్పలేదు? హంసాబెన్‌కు నేను రుణపడ్డాను, వాళ్ళకు పడలేదు. అందుకే వాళ్ళు నా కంటికి ఆనలేదు. వాళ్ళు వేరే ఖాతాలకు పోయారు, తర్వాత ఆ ఖాతాలకూ యంత్రాలు వచ్చాయి. మాస్టర్లు కాబోయేవాళ్ళకు నేను చెప్పే తప్పుల్లో పెద్దది ఇదే. మన అనుకున్నవాళ్ళకే మూర వదలడం కూడా ఒక రకం లాలచే.

చివరి రోజు

పోయిన ఏడాది పని చాలించాను. ఇప్పుడు ఈ ఊళ్ళోనే ఆల్థాన్‌లో స్వరూప ఇంటికి రెండు వీధుల అవతల ఉంటున్నాం. ఆమె, అల్లుడు కలిసి మందుల దుకాణం నడుపుతారు. బోర్డు మీద పేరు గుజరాతీలో, కింద చిన్నగా తెలుగులో ఉంటుంది. నేను సాయంత్రం పోయి కూర్చుని, మందు అట్టల మీద అక్షరాలు కూడబలుక్కుని చదివి వచ్చినవాళ్ళను విసిగిస్తుంటాను.

ఖాతాలో చివరి రోజు దండలు, కొబ్బరికాయ, పరేశ్ ఉపన్యాసం అన్నీ ఉన్నాయి. అవి రాయను, నాకు వినపడలేదు కూడా. దానికంటే ముందు, పొద్దున్నే అలవాటు కొద్దీ ఒక్కణ్ణే ఖాతా అంతా తిరిగాను. ప్రతి బీము మీద బొటనవేలు పెట్టి చూశాను. ఏది ఏ రోజు అయిపోతుందో ఇక నాకు అక్కర్లేదు. అయినా గొణుక్కుంటూనే తిరిగాను.

పదిహేడో నంబరు దగ్గర ఆగాను. నలభై ఏళ్ళ కిందట నేను బోడిగా నేసేసిన సాంచా ఉండిన చోటు అదే. సాంచా మారింది, నంబరు మారలేదు. బీము పక్క ఇనుప పళ్ళెం మీద సుద్దతో గుజరాతీలో ఏదో రాసి ఉంది. కళ్ళద్దాలు సర్దుకుని అక్షరం అక్షరం చదివాను.

ఏక్ హాథ్ బాకీ ఛే.

బీము మీద వేలు పెట్టాను. నిండుగా ఉంది. ముందురోజు సాయంత్రమే ఎక్కించిన కొత్త బీము, ఇంకా మూడు వారాలు ఆడుతుంది. మూరెడు మిగిలిందని దాని మీద ఎవరూ రాయరు. ఆ రాత బీముకు కాదు.

తలెత్తి చూశాను. ఆ చివర యంత్రం దగ్గర హంసాబెన్ దారాలు దువ్వుతోంది. జుట్టంతా నెరిసింది. నా వైపు చూడలేదు. చూసినా ఆ చప్పుడులో ఏం చెప్పుకుంటాం?

ఆ రాత గుజరాతీలో మిగిలింది అని చదవాలా, మన తెలుగులో అప్పు అని చదవాలా అని కాసేపు నిలబడ్డాను. ఎట్లా చదివినా అది నిజమే. జేబులోంచి రుమాలు తీశాను. సుద్దరాత తుడవడానికి కాదు, కళ్ళు తుడుచుకోవడానికే.

ఇరవై ఏళ్ళప్పుడు ఆమె ఆ మాట అరిస్తే పంతం పట్టి బాకీ తీర్చేశాను. ఈసారి తీర్చలేదు. రాత అట్లాగే వదిలేసి గేటు దాటాను. శనివారం శనివారం భాగ్యా నేనూ సర్వపిండి గిన్నె పట్టుకుని హంసాబెన్ ఇంటికి కతర్‌గామ్ బస్సు ఎక్కుతున్నాం.